గేటు ఎక్కడ ఉండాలి? మియాపూర్–పటాన్‌చెరు మెట్రో ముందున్న భద్రత చర్చ

హైదరాబాద్ మెట్రో రెండో దశలో ఏడో కారిడార్ మియాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా వెళ్తుంది. పొడవు 13.4 కిలోమీటర్లు, స్టేషన్లు 10. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో పరిపాలనా అనుమతి ఇచ్చి కేంద్రానికి పంపిన 76.4 కిలోమీటర్ల, 24,269 కోట్ల రూపాయల ప్రతిపాదనలో ఇదొక ముక్క. ముంబై హైవే వెంబడే వచ్చే ఈ లైను చందానగర్, బీహెచ్ఈఎల్, ఆర్సీపురం వాళ్ళకు ఎంత ముఖ్యమో, హైవేకు లోపలగా ఉన్న అమీన్‌పూర్‌కూ అంతే ముఖ్యం. ఇప్పుడు అమీన్‌పూర్ వాళ్ళు మెట్రో ఎక్కాలంటే మియాపూర్ దాకా బస్సో ఆటోనో పట్టుకోవాలి. లైను పడితే బీరంగూడ దగ్గరే ఎక్కేయొచ్చు.

ఈ లైను ఎప్పుడొస్తుంది, డబ్బు ఎవరు పెడతారు, స్థలాల ధరలు ఎంత పెరుగుతాయి అన్న మాటలు టీ కొట్టు దగ్గర నుంచి అసెంబ్లీ దాకా నడుస్తున్నాయి. వచ్చాక లోపలికి ఎలా పోతాం, ఎవరిని ఆపుతారు, ప్లాట్‌ఫాం అంచున ఏముంటుంది అన్నవాటి మీద మాత్రం తెలుగులో పెద్దగా చర్చ లేదు. ఉన్న కాస్త చర్చా చిక్కుపడింది. ఒకరు మహిళల భద్రత అంటే సీసీ కెమెరాల గురించి, మరొకరు టికెట్ లేని ప్రయాణం గురించి, ఇంకొకరు ప్లాట్‌ఫాం తలుపుల గురించి మాట్లాడుతూ, అందరూ ఒకే విషయం మాట్లాడుతున్నామని అనుకుంటున్నారు. ఈ చిక్కును విడదీసి చూడాల్సిన సమయం ఇదే. పటాన్‌చెరు లైను ఇంకా కాగితం మీదే ఉంది. కాగితం మీద గీత మార్చడానికి అయ్యే ఖర్చుకూ, స్తంభం లేచాక కాంక్రీటు మార్చడానికి అయ్యే ఖర్చుకూ పోలిక లేదు.

ఒక మాట కింద మూడు పనులు

ప్రవేశ నియంత్రణ అనగానే కళ్ళ ముందు కదిలేది టికెట్ గేటు. కార్డు తాకిస్తే, ఫోన్‌లో క్యూఆర్ చూపిస్తే రెక్కలు తెరుచుకుంటాయి. దాని పని ఛార్జీ వసూలు. దానికి ముందే ఇంకొకటి దాటి వస్తాం: మెటల్ డిటెక్టర్ చట్రం, బ్యాగులు మింగి అవతల కక్కే స్కానర్, చేతి పరికరంతో తడిమే సిబ్బంది. అది చెడు ఉద్దేశంతో వచ్చేవాడి కోసం పెట్టింది. ఇవి రెండూ దాటి, మెట్లెక్కి పైకి వెళ్ళాక మూడోది ఉండాలి. ప్లాట్‌ఫాంకూ పట్టాలకూ మధ్య ఉండాల్సిన అడ్డు అది. హైదరాబాద్‌లో మొదటి దశలోని 57 స్టేషన్లలో ఆ చోట ఉన్నది ఒక పసుపు గీత, చూపు లేనివాళ్ళ పాదాలకు తెలిసేలా పరిచిన గరుకు పలకలు, ఒక విజిల్.

ఈ మూడింటినీ కలిపి 'భద్రత' అంటున్నాం. మొదటి రెండు గేట్లూ కట్టుదిట్టంగా ఉంటే మూడోది లేకపోయినా స్టేషన్ భద్రంగానే కనిపిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉందని ఈ వ్యాసం వాదన.

ట్రాం చట్టం, మెట్రో కట్టడం

నగరంలో రైలుకు తొలి రూపం ఎంఎంటీఎస్. 2003 ఆగస్టు 9న మొదలైంది. దక్షిణ మధ్య రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఉన్న పట్టాల మీదే నడిపిన సర్వీసు. మొదట్లో లింగంపల్లి దాని పడమటి కొస. ఎంఎంటీఎస్‌కు టికెట్ గేట్లు లేవు. ప్లాట్‌ఫాం మీదికి ఏ వైపు నుంచైనా రావచ్చు, టికెట్ ఉందో లేదో తనిఖీ సిబ్బంది అడిగితేనే తేలుతుంది. అవే పట్టాల మీద ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు కూడా పోతుంటాయి.

మెట్రో పుట్టుక వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2008లో మున్సిపల్ ట్రామ్‌వేల చట్టం చేసి దాని కింద ఈ ప్రాజెక్టును మొదలుపెట్టింది. అదే ఏడాది టెండరు గెలిచిన మేటాస్ సంస్థ నిధులు సమకూర్చుకోలేకపోయింది. మళ్ళీ టెండరు పిలిచారు. 2010 సెప్టెంబరు 4న ఎల్ అండ్ టీతో 35 ఏళ్ళ ఒప్పందం కుదిరింది. తర్వాత ప్రాజెక్టు 2002 నాటి కేంద్ర మెట్రో చట్టం పరిధిలోకి వచ్చింది. అలా ట్రాం చట్టం కింద మొదలైన ప్రాజెక్టు స్తంభాల మీద పరిగెత్తే పూర్తి స్థాయి మెట్రోగా తయారైంది: పైన 25 కేవీ విద్యుత్ తీగ, రైలుకూ రైలుకూ మధ్య దూరాన్ని రేడియో సంకేతాలతో లెక్కగట్టే సీబీటీసీ సిగ్నలింగ్, మూడు పెట్టెల రైళ్ళు. 2017 నవంబరు 28న మియాపూర్‌లో ప్రధాని ప్రారంభించారు. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గం తెరవడంతో 69 కిలోమీటర్ల మొదటి దశ పూర్తయింది.

ఈ చరిత్రలో గమనించాల్సింది ఒకటుంది. స్టేషన్లో ఏ ఖర్చు పెట్టాలి, ఏది వదిలేయాలి అన్న నిర్ణయం ప్రైవేటు ఒప్పందం చట్రంలో జరిగింది. ప్లాట్‌ఫాం తలుపులు ఆ చట్రంలోకి రాలేదు. 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి, దాదాపు 13,000 కోట్ల అప్పును మోస్తూ మొదటి దశను తన చేతిలోకి తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక పరిస్థితి మారింది. మొదటి దశ, రెండో దశ ఒకే యజమాని కిందకు వస్తే భద్రత ప్రమాణం కూడా ఒకటే ఉండాలని అడిగే వీలు కలిగింది.

అంతకుముందే కేంద్రం మరో దారి తెరిచింది. చిన్న నగరాలకు, జనం తక్కువ ఉండే మార్గాలకు పనికొచ్చేలా 2019లో 'మెట్రోలైట్' ప్రమాణాలు తెచ్చింది. అది దాదాపుగా లైట్ రైల్. గంటకు ఒక దిశలో 15,000 మంది దాకా మోసే వ్యవస్థ. అందులో టికెట్ గేట్లు, బ్యాగు స్కానర్లు, ప్లాట్‌ఫాం తలుపులు అక్కర్లేదని, టికెట్ యంత్రాలు పెట్టెలోనే ఉంటాయని, దొంగ ప్రయాణానికి భారీ జరిమానా వేయాలని రాశారు. ఒక్క దెబ్బతో మూడు గేట్లూ తీసేశారన్నమాట. ఖర్చు తగ్గించే దృష్టితో చూస్తే ఇది అర్థమయ్యేదే. అయితే టికెట్ గేటునూ ప్లాట్‌ఫాం తలుపునూ ఒకే గాటన కట్టి, రెంటినీ తగ్గించుకోదగ్గ ఖర్చుల పద్దులో వేయడం ఆ ప్రమాణాల్లోని లోపం. ఒకటి పోతే పోయేది ఛార్జీ. రెండోది పోతే పోయేది వేరు.

టికెట్ గేటు: మూయాలా, తెరవాలా?

ప్రపంచంలో ఇక్కడ రెండు వర్గాలున్నాయి. తెరిచి ఉంచాలనే వర్గం జర్మనీ, దాని చుట్టుపక్కల దేశాల్లో 1960ల నుంచి బలపడింది. ఎవరైనా ఎక్కొచ్చు, అడిగినప్పుడు టికెట్ చూపాలి, లేకపోతే జరిమానా. లండన్‌లో 1987లో మొదలైన డాక్‌ల్యాండ్స్ లైట్ రైల్వేలో ఎక్కువ స్టేషన్లు ఈనాటికీ గేట్లు లేకుండానే నడుస్తున్నాయి. మూయాలనే వర్గానికి మంచి ఉదాహరణ లాస్ ఏంజిలిస్. అక్కడ 1990లో రైలు నమ్మకం మీదే మొదలైంది. 2008లో గేట్లు పెట్టాలని తీర్మానించారు, 2013 నుంచి వాటికి తాళం వేశారు. ఆ వాదన ఛార్జీల నష్టంతో మొదలై నెమ్మదిగా భద్రత భాషలోకి మారింది. టికెట్ కొనని వాడే గొడవలు చేస్తాడన్న ఊహ దాని వెనుక ఉంది.

మన దగ్గర రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉన్నాయి. ఎంఎంటీఎస్ తెరిచిన వ్యవస్థ, మెట్రో మూసిన వ్యవస్థ. మూడోది కూడా ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకోం: ఆర్టీసీ బస్సులో గేటు కండక్టరే. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక మహిళలకు జీరో టికెట్ కొట్టేదీ ఆమే, ఆయనే. పెట్టెలో ఒక మనిషి ఉండటం వల్ల కలిగే ధైర్యం ఏ గేటూ ఇవ్వలేదని బస్సెక్కే ప్రతి ఆడపిల్లకూ తెలుసు. రాత్రి వేళ ఖాళీగా ఉండే ఎంఎంటీఎస్ పెట్టెల గురించి వచ్చే ఫిర్యాదులకు మూలం గేటు లేకపోవడం కాదు, పెట్టెలో యూనిఫాం వేసుకున్న మనిషి లేకపోవడం.

స్తంభాల మీద, గట్టి రద్దీతో నడిచే పటాన్‌చెరు లైనుకు మూసిన గేటే సరిపోతుంది. అందులో పెద్ద వివాదం అక్కర్లేదు. అడగాల్సింది ఒక్కటి: లోపలికి రావడానికి గేటు ఎంత కచ్చితంగా పనిచేస్తుందో బయటికి పోవడానికి అంత తేలిగ్గా తెరుచుకోవాలి. దక్షిణ కొరియాలోని దేగు నగరంలో 2003 ఫిబ్రవరి 18న సబ్‌వే పెట్టెలో ఒకడు నిప్పు పెట్టాడు. 192 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది నిప్పు పెట్టిన రైల్లో లేరు, పక్కన వచ్చి ఆగిన రైల్లో ఉన్నారు. ఆ రైలు డ్రైవరు తాళం తీసుకుని దిగిపోవడంతో తలుపులు మూసుకుపోయి జనం లోపల చిక్కుకున్నారు. ఏ తలుపు పెట్టినా దాన్ని లోపలి నుంచి చేత్తో తెరిచే పిడి ఎక్కడుందో ప్రయాణికుడికి తెలియాలన్నది దేగు నేర్పింది.

తనిఖీ గేటు: భయం, వరస, పనిముట్ల సంచి

హైదరాబాద్‌లో బ్యాగు స్కానర్ ఎందుకుందని అడగనక్కర్లేదు. 2007 మే 18 మక్కా మసీదు, అదే ఏడాది ఆగస్టు 25 లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013 ఫిబ్రవరి 21 దిల్‌సుఖ్‌నగర్. ఈ తేదీలు గుర్తున్న నగరం తనిఖీ వద్దనదు. ఢిల్లీ మెట్రో భద్రతను 2007లో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగించాక దేశమంతా మెట్రో అంటే విమానాశ్రయం తరహా తనిఖీ అన్న అలవాటు పడింది.

ఎదుటి వర్గం బలమైన ప్రశ్నలే వేస్తుంది. 2006 జులై 11న ముంబై లోకల్ రైళ్ళలో ఏడు పేలుళ్ళు జరిగాయి. అయినా ముంబై లోకల్‌కు ప్రతి బ్యాగూ స్కాన్ చేసే పద్ధతి రాలేదు, అంత జనంతో అది కుదరదు కూడా. 2005 జులై 7 దాడుల్లో 52 మందిని పోగొట్టుకున్న లండన్ కూడా తన భూగర్భ రైలుకు స్కానర్లు పెట్టలేదు. గేటు ముందు పేరుకునే వరసే ఒక గురి అవుతుందన్నది వీళ్ళ వాదన. ఎక్కడో ఒకచోట మెట్రోలో కట్టుదిట్టం చేసి, అదే హైవే మీద బస్టాపును, అదే లింగంపల్లిలో రైల్వే ప్లాట్‌ఫాంను వదిలేస్తే ముప్పు పక్కకు జరుగుతుందే తప్ప తగ్గదు కదా అని వాళ్ళు అడుగుతారు.

పటాన్‌చెరు లైను విషయంలో ఈ చర్చకు ఇంకో ముఖం ఉంది. ఇప్పటి మెట్రోలో ఎక్కువమంది భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు. రేపు పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు వెళ్ళేవాళ్ళలో ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు ఉంటారు. వాళ్ళ సంచిలో స్టీలు టిఫిన్ డబ్బా పక్కనే స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయర్. మెట్రోల నిషిద్ధ వస్తువుల జాబితాల్లో పదునైన, పొడవైన పనిముట్లు ఉంటాయి. స్కానర్ దగ్గర సంచి తెరిపించి, స్పానర్ పక్కన పెట్టి, 'ఇది లోపలికి రాదు' అంటే ఆ మనిషికి ఆ రోజు పనీ లేదు, కూలీ లేదు. పారిశ్రామిక వాడకు వేసే లైనులో ఇది చిన్న విషయం కాదు. పనిముట్లకు మూత ఉన్న పెట్టెలో అనుమతి, కార్మికుడి గుర్తింపు కార్డుతో ముందస్తు నమోదు వంటి పద్ధతులు లైను తెరవకముందే రాసుకోవాలి. అంతా అయ్యాక గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు విచక్షణకు వదిలేస్తే ఒక్కో స్టేషన్లో ఒక్కో రూలు నడుస్తుంది.

తనిఖీ ఎవరు చేస్తారన్నది కూడా ప్రవేశంలో భాగమే. 2025 డిసెంబరులో హైదరాబాద్ మెట్రో 20 మంది ట్రాన్స్‌జెండర్లను భద్రతా సిబ్బందిగా తీసుకుంది. ఆడ వరస, మగ వరస అని రెండే ఉన్నచోట ఎటు నిలబడాలో తెలియక అవమానపడ్డవాళ్ళు ఇప్పుడు ఆ వరసల దగ్గరే యూనిఫాంలో నిలబడ్డారు. మనస్ఫూర్తిగా మెచ్చుకోవాల్సిన నిర్ణయం ఇది.

ప్లాట్‌ఫాం అంచు

అసలు విషయం ఇక్కడుంది కాబట్టి కాసేపు ఇక్కడే ఆగాలి.

రైలు వచ్చి ఆగుతుంది. తలుపు రెక్కలు విడిపోతాయి. దిగేవాళ్ళు దిగకముందే ఎక్కేవాళ్ళు తోసుకొస్తారు. కొన్ని సెకన్లు గడిచాక గంట మోగుతుంది, రెక్కలు దగ్గరికొస్తాయి. రెక్కల అంచున మెత్తటి రబ్బరు ఉంటుంది. మధ్యలో చెయ్యో సంచో ఉంటే రెక్క పూర్తిగా మూసుకోలేదని మోటారు గుర్తిస్తుంది, తలుపు మళ్ళీ తెరుచుకుంటుంది. కానీ చీర కొంగో, చున్నీయో చిక్కితే? రబ్బరు దాన్ని మెత్తగా నొక్కి పట్టుకుంటుంది. రెక్క పూర్తిగా మూసుకున్నట్టే యంత్రానికి కనిపిస్తుంది. రైలు కదులుతుంది.

2023 డిసెంబరు 14న ఢిల్లీ ఇందర్‌లోక్ స్టేషన్లో జరిగింది ఇదే. ఒక తల్లి చీర తలుపులో చిక్కుకుంది, రైలు ఆమెను లాక్కుపోయింది, రెండు రోజులకు చనిపోయింది. అంతకు నాలుగేళ్ళ ముందు, 2019 జులై 13న కోల్‌కతా పార్క్ స్ట్రీట్ స్టేషన్లో తలుపు మధ్య చెయ్యి చిక్కి ఒక పెద్దాయన ప్రాణం పోయింది. చీరలు, చున్నీలు, లుంగీలు, భుజాన తువ్వాళ్ళు వేసుకునే దేశంలో తలుపు సెన్సరు ఎంత మందం ఉన్నదాన్ని గుర్తించాలన్నది దిగుమతి పత్రంలో ఉన్న అంకెతో తేలిపోకూడదు.

ప్లాట్‌ఫాం తలుపు ఈ ప్రమాదాన్ని రెండో అంచెలో ఆపుతుంది. రైలు తలుపు, ప్లాట్‌ఫాం తలుపు రెండూ మూసి తాళం పడితేనే రైలు కదులుతుంది. ప్లాట్‌ఫాం మీద రద్దీలో వెనక నుంచి తోపు వచ్చినా, కళ్ళు తిరిగినా, ఆ క్షణంలో చావాలనిపించినా ఆ మనిషికీ పట్టాలకూ మధ్య ఒక గోడ ఉంటుంది. పసుపు గీత హెచ్చరిస్తుంది, ఆపలేదు. గరుకు పలకలు చూపులేని మనిషికి అంచు వచ్చిందని చెబుతాయి. జనం తోపులో ఆ మాట పాదానికి చేరేలోపు అడుగు పడిపోతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రవాణాలో అందుబాటును హక్కుగా చెప్పింది. అంచు దగ్గర భయం లేకుండా నిలబడగలగడం ఆ హక్కులో భాగం కాదా?

ఇక్కడ మూడు వర్గాలు కనిపిస్తాయి.

మొదటి వర్గం పైకప్పు దాకా గాజు గోడ కావాలంటుంది. సింగపూర్ 1987లోనే భూగర్భ స్టేషన్లలో పెట్టింది. చెన్నై మెట్రో భూగర్భ స్టేషన్లలో, ఢిల్లీ విమానాశ్రయ లైనులో ఇవి ఉన్నాయి. భూగర్భంలో ఏసీ చల్లదనం సొరంగంలోకి పోకుండా ఆగుతుంది కాబట్టి ఖర్చులో కొంత తిరిగి వస్తుంది కూడా.

రెండో వర్గం ఛాతీ ఎత్తు గేట్లు చాలంటుంది. ఢిల్లీలో మెజెంటా, పింక్ లైన్లలో ఇవే. పాత యెల్లో లైనులో కూడా రాజీవ్ చౌక్, చాందినీ చౌక్, కశ్మీరీ గేట్ వంటి ఆరు రద్దీ స్టేషన్లలో తర్వాత అమర్చారు. స్తంభాల మీది స్టేషన్లకు ఇది సహజమైన ఎంపిక. గాలి ఆడుతుంది, బరువు తక్కువ.

మూడో వర్గం ఖర్చు లెక్కలు తీస్తుంది. తలుపులు వేసే డబ్బుతో ఇంకొన్ని పెట్టెలు కొని రద్దీ తగ్గిస్తే ప్రమాదమే తగ్గుతుందంటుంది. తలుపు పాడైతే రైలు ఆగుతుంది, మరమ్మతుకు మనుషులు కావాలి, వాళ్ళకూ ప్రమాదమే అంటుంది. ఈ మాటలో నిజముంది. సియోల్ నగరం 2009 నాటికి సబ్‌వే స్టేషన్లన్నిటికీ తలుపులు వేసింది. పట్టాల మీద ఆత్మహత్య మరణాలు దాదాపు 90 శాతం తగ్గాయని అక్కడి పరిశోధన తేల్చింది. అదే సియోల్‌లో 2016 మే 28న గుయి స్టేషన్లో ఒంటరిగా తలుపు బాగుచేస్తున్న 19 ఏళ్ళ కాంట్రాక్టు కుర్రాడు రైలుకూ తలుపుకూ మధ్య నలిగి చనిపోయాడు. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కడికి అప్పజెప్పారు. తలుపు ప్రాణాలు కాపాడింది, తలుపును చూసుకునే పనిని చవగ్గా బయటికిచ్చిన పద్ధతి ఒక ప్రాణం తీసింది. కాంట్రాక్టు కార్మికుల చావులు ఎలా ఉంటాయో ఎరిగిన పటాన్‌చెరు ప్రాంతానికి ఈ సంగతి వేరే వివరించనక్కర్లేదు.

రద్దీ తగ్గించడమా, తలుపులా అన్న పోటీ హైదరాబాద్‌లో మొదటి దశకు కొంతవరకు చెల్లుతుంది. అక్కడ ప్లాట్‌ఫాంలు ఆరు పెట్టెలకు సరిపడా కట్టారు, నడిచేవి మూడు పెట్టెల రైళ్ళు. ప్లాట్‌ఫాం సగం ఖాళీగా ఉంటుంది, మిగతా సగంలో జనం కిక్కిరిసి ఉంటారు. రోజుకు నాలుగున్నర లక్షల మందికి పైగా ఎక్కే చోట ముందు పెట్టెలు పెంచమనడం న్యాయమే. కట్టిన అంచుకు తలుపులు బిగించాలంటే కాంక్రీటు బలం చూడాలి, తీగలు లాగాలి, సిగ్నలింగ్‌తో కలపాలి, ఇవన్నీ రాత్రి రైళ్ళు ఆగిన నాలుగైదు గంటల్లోనే చేయాలి. కొత్త లైనులో ఈ పోటీకి అర్థం లేదు. బీరంగూడ స్టేషన్ అంచు ఇంకా పోయలేదు. కనీసం తలుపు బిగించే బలం, తీగల దారి ఇప్పుడే డిజైనులో పెడితే, తలుపులు ఏ సంవత్సరం బిగించాలన్నది తర్వాత తేల్చుకోవచ్చు.

డబ్బు సంగతి. హాంకాంగ్ మెట్రో పాత స్టేషన్లకు తలుపులు వేయడానికి ఒక్కో ప్రయాణానికి 10 సెంట్లు, అంటే హాంకాంగ్ డాలరులో పదో వంతు, 2000 నుంచి 2013 దాకా వసూలు చేసింది. ఏ డబ్బు దేనికో ప్రయాణికుడికి చెప్పి తీసుకున్నారు. మన దగ్గర 2025 మేలో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 75కు పెంచి, వెంటనే కొంత తగ్గించి 69 చేశారు. పెరిగిన రూపాయి ప్రయాణికుడికి కనిపించే ఒక భద్రతా పనికి ముడిపడి ఉంటే ఆ రోజు వచ్చిన కోపం ఇంకోలా ఉండేది.

పట్టాల మీద, పట్టాల కింద

స్తంభాల మీది రైలుకు ఒక వరం ఉంది: ఎవరూ నడుచుకుంటూ పట్టాల మీదికి రాలేరు. నేల మీది ఎంఎంటీఎస్‌కు ఆ వరం లేదు. పాదచారుల వంతెన ఎక్కడం కష్టమనిపించి పట్టాలు దాటేవాళ్ళు చాలా స్టేషన్లలో కనిపిస్తారు. రైల్వే చట్టం 147వ సెక్షన్ దీన్ని నేరమంటుంది. సెక్షన్ కంటే వంతెనకు లిఫ్టు ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

2019 నవంబరు 11న కాచిగూడలో ఎంఎంటీఎస్ రైలు ఎదురుగా వస్తున్న హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొట్టింది. ఎంఎంటీఎస్ లోకోపైలట్ గంటల తరబడి తన క్యాబిన్‌లో ఇరుక్కుని, కొన్ని రోజులకు ఆస్పత్రిలో చనిపోయాడు. సిగ్నల్ దాటి వెళ్ళే రైలును తానే ఆపే కవచ్ వ్యవస్థ తొలి పరీక్షలు జరిగింది ఎక్కడో కాదు, లింగంపల్లి–వికారాబాద్–వాడి మార్గంలో. 2022 మార్చి 4న రైల్వే మంత్రి సమక్షంలో రెండు ఇంజిన్లను ఎదురెదురుగా నడిపి చూపించిందీ ఆ మార్గంలోనే. పరీక్షకు పనికొచ్చిన పట్టాలకు, పక్కనున్న నగర రైలుకు ఆ రక్షణ ముందుగా అందాలని కోరడం అత్యాశ కాదు.

ఇక పట్టాల కింద. 2019 సెప్టెంబరు 22న అమీర్‌పేటలో వానకు మెట్రో వంతెన కింద నిలబడ్డ ఒక యువతి మీద పైనుంచి కాంక్రీటు పెచ్చు పడి ప్రాణం పోయింది. ఆమె ఏ గేటూ దాటలేదు. మెట్రో భద్రత టికెట్ కొన్నవాళ్ళకే పరిమితం కాదని ఆ రోజు రుజువైంది.

బీరంగూడ కమాన్ దగ్గర సాయంత్రం వేళ నిలబడి చూస్తే తర్వాతి ప్రశ్న కళ్ళకు కడుతుంది. అమీన్‌పూర్ వైపు నుంచి షేర్ ఆటోలు వచ్చి మలుపులో ఆగుతాయి. దిగినవాళ్ళు డివైడరు సందు వెతుక్కుంటారు. లారీలు, కంపెనీ బస్సులు, ట్యాంకర్ల మధ్య చెయ్యి చాచి, పిల్లవాడి రెక్క పట్టుకుని హైవే దాటుతారు. రేపు స్టేషన్ వచ్చాక ఈ దాటడం పదింతలవుతుంది. ఉప్పల్ కూడలిలో హెచ్ఎండీఏ 2023లో తెరిచిన ఆకాశ వంతెన మెట్రో స్టేషన్‌తో కలిసింది. అది మెట్రో తెరిచిన ఐదారేళ్ళకు వచ్చింది. ఇక్కడ ఆ వరస తిరగబడాలి. రోడ్డుకు రెండు వైపులా మెట్లు, లిఫ్టు, టికెట్ తీసుకోకుండానే అవతలికి దాటే దారి స్టేషన్ తొలి నక్షాలోనే ఉండాలి. ప్రాణాల లెక్కలో చూస్తే ఇది స్కానర్ కంటే ముందు రావాల్సిన ఖర్చు.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఎంఎంటీఎస్: లోపలికి రావడం తేలిక, ఛార్జీ తక్కువ, గేటు లేదు, పెట్టెలో మనిషి లేడు, పట్టాలు తెరిచి ఉన్నాయి. బలహీనత రాత్రి వేళల్లో, పట్టాలు దాటేచోట.

మెట్రో మొదటి దశ: టికెట్ గేటు, తనిఖీ గేటు రెండూ గట్టివి, పట్టాలు అందరికీ దూరం. బలహీనత అంచు దగ్గర, స్టేషన్ కింది రోడ్డు దగ్గర.

మెట్రోలైట్ నమూనా: ఖర్చు తక్కువ, తెరిచిన వ్యవస్థ. రోడ్డు మట్టంలో నడిచే చోట కంచె, కూడళ్ళలో సిగ్నల్ క్రమశిక్షణ లేకపోతే ప్రమాదం. లారీల ముంబై హైవే మీద ఆ క్రమశిక్షణ మీద ఆశ పెట్టుకోలేం.

పటాన్‌చెరు లైనుకు మొదటి దశ నమూనానే తీసుకుని మూడో గేటును, కింది రోడ్డును కలుపుకోవడమే సరైన దారి.

ఇంకా తేలనివి

కెమెరాల సంగతి తేలలేదు. స్టేషన్ కెమెరాల దృశ్యాలు ఎంతకాలం దాస్తారు, ముఖాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు వాటిని కలుపుతారా? తెలంగాణ పోలీసుల ముఖ గుర్తింపు వ్యవస్థ మీద వేసిన పిటిషన్‌పై హైకోర్టు 2022 ఆరంభంలో నోటీసులిచ్చింది. భద్రత పేరుతో పెట్టే ప్రతి కెమెరాకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది.

సమాచారం ఎవరిదన్నది రెండోది. ప్రాణం పోతే వార్త వస్తుంది. కొంగు చిక్కి బయటపడ్డ ఘటనలు, అంచు దాకా వెళ్ళి ఆగిన ఘటనలు స్టేషన్ వారీగా ఏటా ప్రచురించాలన్న నియమం పెడితే, ఏ స్టేషన్లో తలుపులు ముందు వేయాలో అంకెలే చెబుతాయి.

మూడోది హద్దులు. ఈ లైను రంగారెడ్డి జిల్లాలో మొదలై సంగారెడ్డి జిల్లాలో ముగుస్తుంది. కింద జాతీయ రహదారి, పైన మెట్రో, పక్కన మున్సిపల్ రోడ్డు. మెట్లు దిగిన మనిషి మూడు అడుగుల్లో మూడు శాఖల పరిధి దాటుతాడు. వీధి దీపం వెలగకపోతే ఎవరిని అడగాలో లైను తెరవకముందే రాసి ఉండాలి.

చివరిది వేళలు. 2025 నవంబరు 3 నుంచి హైదరాబాద్ మెట్రో అన్ని రోజులూ ఉదయం 6 నుంచి రాత్రి 11 దాకా నడుస్తోంది. పారిశ్రామిక వాడలో రెండో షిఫ్ట్ రాత్రి 10 గంటలకు దిగుతుంది. పాశమైలారంలో గేటు దాటి, కార్డు పంచ్ చేసి, ఆటో దొరికించుకుని పటాన్‌చెరు స్టేషన్ చేరేసరికి చివరి రైలు వేళవుతుంది. ఆ వేళకు అటువైపు వెళ్ళాల్సిన మూడో షిఫ్ట్ మనుషులు అప్పటికే పనిలో ఉంటారు. మొదటి షిఫ్ట్ మొదలయ్యేది ఉదయం 6 గంటలకు. మెట్రో గేటు తెరిచేదీ అదే 6 గంటలకు.